సేలం పాదిరిగారి కొడుకు, చెన్నపట్నం తొలి మేయరు

ఏటా ఆగస్టు వచ్చిందంటే చెన్నపట్నం పుట్టినరోజు పేరుతో మా బంధువుల్లో ఒక రచ్చ మొదలవుతుంది. నేల ఇచ్చింది అప్పటి స్థానిక పాలకులు దామర్ల నాయకులా కాదా, ఇంగ్లీషువాళ్లకు దుబాసీగా ఉన్న బేరి తిమ్మన్న లేకపోతే కోట లేచేదా, ఇంతకీ పట్నం ఎవరిది. మాది నెల్లూరు వైపు నుంచి వెళ్లి జార్జిటౌన్‌లో స్థిరపడ్డ కుటుంబం. కాబట్టి ఈ రచ్చ మీద మాకు వంశపారంపర్య హక్కు ఉందని మా నమ్మకం. పోయినసారి ఆ వేడిలో నేనొక పేరు పడేశాను. నథానియల్ హిగ్గిన్‌సన్. 1688లో పట్నానికి మొట్టమొదటి మేయరు. పుట్టింది ఇంగ్లండులో కాదు, ఇప్పుడు నేనుంటున్న కనెక్టికట్‌లో.

"ఎక్కడి తెల్లోడైతే ఏంట్రా అబ్బాయ్, దొర దొరే గదా" అన్నాడు మా బాబాయి. అందరూ నవ్వారు. చర్చ మళ్లీ తిమ్మన్న దగ్గరికి వెళ్లిపోయింది.

బాబాయి మాటలో నిజం లేకపోలేదు. పన్ను కట్టేవాడికి వసూలు చేసేవాడి పుట్టినూరుతో ఏం పని? కానీ హిగ్గిన్‌సన్‌ని "ఒక ఆంగ్లేయుడు" అని రాసి వదిలేస్తే పోయేది క్విజ్‌లో అడిగే చిన్న విశేషం మాత్రమే కాదు. అమెరికా పుస్తకాల్లో భక్తులైన ప్యూరిటన్ల వలస ఒక పాఠం, మంత్రగత్తెల విచారణలు ఇంకో పాఠం. మన పుస్తకాల్లో ఈస్టిండియా కంపెనీ వేరే పాఠం. ఆ మూడూ ఒకే ఇంట్లో, ఒకే తండ్రి పిల్లలకు జరిగాయి. వాటిని వేరువేరుగా చదువుకోవడం వల్ల అమెరికావాళ్లకు తమ పూర్వీకులు అమాయకుల్లా కనిపిస్తున్నారు, మనకేమో కంపెనీవాళ్లు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు కనిపిస్తున్నారు.

1639 నుంచి మొదలుపెడతాను. ఇంగ్లండు నుంచి హెన్రీ విట్‌ఫీల్డ్ అనే పాదిరి తన సంఘాన్ని వెంటేసుకుని వచ్చి కనెక్టికట్ తీరాన గిల్ఫర్డ్ అనే ఊరు కట్టాడు. అక్కడి మెనుంకటక్ జనానికి నాయకురాలు షాంపిషు అనే స్త్రీ. ఆమె దగ్గర ఆ నేల కొన్నారు. ధర డబ్బులో లేదు. కోట్లు, బూట్లు, గొడ్డళ్లు, కత్తులు, చెంచాలు డజన్ల లెక్కన, నాలుగు కెటిళ్లు, గవ్వపూసల పేటలు. అదే 1639లో ఇక్కడ పూందమల్లి వైపు నాయకుల దగ్గర ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే మద్రాసు తీరానికి కౌలు రాయించుకుంటున్నాడు. ఒకరు దేవుడి కోసం, ఒకరు బట్టల బేళ్ల కోసం. ఇద్దరూ చేసింది మాత్రం స్థానిక నాయకుల దగ్గర సముద్రపు ఒడ్డు రాయించుకోవడమే.

విట్‌ఫీల్డ్ ఇల్లు గిల్ఫర్డ్‌లో ఇప్పటికీ ఉంది. కనెక్టికట్‌లో మిగిలిన ఇళ్లలో అదే పాతది, మ్యూజియంగా ఉంచారు. 20వ శతాబ్దంలో బాగా మరమ్మతులు జరిగినదే అయినా కిటికీ దగ్గర నిలబడితే గోడ మందం తెలుస్తుంది. నేను గట్టు మీద మోచెయ్యి ఆనించి చెయ్యి చాపితే వేళ్లు ఇంకా గోడలోనే ఉన్నాయి. కొస గదిలో పొయ్యి ఎంతుందంటే కాస్త తల వంచి లోపలికి నడిచి వెళ్లొచ్చు. ప్రార్థన మందిరంగా, అవసరపడితే కోటగా పనికొచ్చేలా కట్టారంటారు. దేవుడి మీద నమ్మకం ఉన్నా గోడ మందం తగ్గించలేదన్నమాట.

విట్‌ఫీల్డ్ కూతురు సారాను పెళ్లాడినవాడు జాన్ హిగ్గిన్‌సన్. ఇతనూ పాదిరే. ఇతని తండ్రి ఫ్రాన్సిస్ 1629లో మసాచుసెట్స్‌లోని సేలంకి తొలి పాదిరుల్లో ఒకడిగా వచ్చి మరుసటి ఏడాదే కన్నుమూశాడు. (సేలం అనగానే మామిడిపళ్లు గుర్తొచ్చేవాళ్లకి ముందే చెప్తున్నాను, ఇది ఆ సేలం కాదు.) మామగారి ఊళ్లో చాలా ఏళ్లు పాదిరిగా పనిచేశాక జాన్ 1659లో పెళ్లాంబిడ్డలతో ఇంగ్లండు తిరిగి వెళ్లిపోదామని ఓడెక్కాడు. గాలి ఎదురుతిరిగి ఓడ సేలం రేవులో ఆగింది. నీ తండ్రి చర్చి ఇది, ఉండిపొమ్మన్నారు ఊరివాళ్లు. ఉండిపోయాడు, ఒకటీ రెండూ కాదు, దాదాపు యాభై ఏళ్లు. అప్పటికి నథానియల్‌కి ఆరేడేళ్లు. 1652 అక్టోబరులో గిల్ఫర్డ్‌లో పుట్టాడు.

ఈ జాన్ పాదిరిగారు 1663లో బోస్టన్‌లో ప్రభుత్వ పెద్దలందరి ముందు ఒక ప్రసంగం చేశాడు. అమెరికా చరిత్రకారులు ఇప్పటికీ దాన్ని ఉటంకిస్తుంటారు. దాని సారం ఇది. న్యూ ఇంగ్లండు, అంటే కనెక్టికట్, మసాచుసెట్స్ ఉన్న ఈ ప్రాంతం, పుట్టింది మతం కోసం, వర్తకం కోసం కాదు. రూపాయికి రూపాయి లాభం తీస్తున్న వర్తకులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. గొప్ప మాట. అయితే ఆ మాట అన్నాయన ఇంట్లో ఏం జరిగిందో చూడండి.

పెద్దకొడుకు జాన్ సేలంలో వర్తకుడయ్యాడు. ఊరి సరుకు ఎండుచేప. మేలురకం స్పెయిన్, పోర్చుగల్‌కి వెళ్లేది. ఏరివేసిన నాసిరకం కరీబియన్ దీవులకు, అక్కడ చెరకుతోటల్లో చచ్చేదాకా పనిచేసే ఆఫ్రికన్ బానిసల తిండికి వెళ్లేది. ఆ దీవుల పంచదారా మడ్డీ తిరిగొచ్చేవి. ఒక కూతురు బోస్టన్ వర్తకుణ్ణి చేసుకుంది. ఒక కొడుకు, హెన్రీ, బార్బడోస్‌కి వ్యాపార ఏజెంటుగా వెళ్లి అక్కడే పోయాడు. థామస్ అనేవాడు కంసాలి పని నేర్చుకుని, "అరేబియా" వైపు వెళ్లే ఓడెక్కి మళ్లీ కనబడలేదు. ఆ కాలంలో న్యూ ఇంగ్లండు కుర్రాళ్లు అరేబియా వెళ్లారంటే ఎర్రసముద్రంలో మక్కా యాత్రికుల ఓడల మీద కాపువేయడానికేనని నా అనుమానం. రోడ్ ఐలండ్‌కి చెందిన థామస్ ట్యూ 1690లలో అక్కడ చేసింది అదే. సాక్ష్యం లేదు గనక అనుమానం దగ్గరే ఆగుతాను. ఇక నథానియల్ ఆ వర్తకం కంపెనీలకల్లా పెద్ద కంపెనీలో చేరాడు.

పాదిరిగారిని ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. ఇంటిపెద్ద తలుపు దగ్గర నిలబడి వర్తకం వద్దంటున్నా పిల్లలు పెరటిగుమ్మంలోంచి ఒక్కొక్కరే సముద్రం దారి పట్టారంటే కారణం వాళ్ల దురాశ కాదు. ఆ ఊరు బతికేదే సముద్రం మీద. తండ్రి జీతం ఇచ్చేదీ చేపల డబ్బే.

నథానియల్ హార్వర్డ్‌లో 1670లో పట్టా తీసుకున్నాడు. 1674లో ఇంగ్లండు వెళ్లి లార్డ్ వార్టన్ అనే ప్రభువు ఇంట్లో లెక్కలు చూస్తూ, పిల్లలకు చదువు చెబుతూ ఏడేళ్లు గడిపాడు. తర్వాత లండన్ టవర్‌లోని టంకశాలలో ఉద్యోగం. 1683లో కంపెనీ కొలువులో మద్రాసు. ఈ వరస చూస్తే నాకు ముచ్చటేస్తుంది. చదువు, చిన్నా చితకా కొలువులు, మధ్యలో ఎవరిదో సిఫారసు, చివరికి దూరదేశపు ఉద్యోగం. ఆస్తి లేని ఇంటి చదువుకున్న కొడుకు ఎలా ఎక్కొస్తాడో అచ్చం అలాగే ఎక్కొచ్చాడు.

ఐదేళ్లకే మేయరు. ఎందుకు మేయరు అవసరమైంది? డబ్బుకి. 1686లో ఇంటిపన్ను వేయబోతే పట్నం జనం అంగళ్లు మూసి ఎదురుతిరిగారు. లండన్‌లో కంపెనీని నడిపించే జొసయా చైల్డ్ ఒక ఎత్తు వేశాడు. పన్ను మనం వేస్తే కట్టరు, వాళ్లలోని పెద్దమనుషుల చేతే వేయిస్తే కడతారు. అలా 1687 డిసెంబరులో సనదు రాసి, 1688 సెప్టెంబరు 29న కార్పొరేషన్ మొదలుపెట్టారు. మేయరు, పన్నెండుమంది ఆల్డర్మన్లనే నగర పెద్దలు, వాళ్ల కింద బర్జెస్‌లనే నగర సభ్యులు. ఆల్డర్మన్లకు ఎర్ర అంగీలు, ముందు వెండి దండాలు. ఊరేగింపుగా నడిస్తే పైన గొడుగు పట్టించుకోవచ్చు, లండన్ మేయరులాగా ఒకే తీరు జీనులు వేసిన గుర్రాలెక్కొచ్చు. చెన్నపట్నం సెప్టెంబరు ఎండలో ఎర్ర ఉన్ని అంగీ! గొడుగు విషయం ప్రత్యేకించి ఎందుకు రాశారో నాకు బాగానే అర్థమైంది.

ఇక్కడ మా బంధువులు చెవి పెట్టాలి. ఆ పన్నెండుమందిలో కంపెనీ ఉద్యోగులు ముగ్గురైతే, గోల్కొండ వజ్రాలు కొనడానికి పగడాలు తెచ్చే యూదు వర్తకులు ఉన్నారు, పోర్చుగీసువాళ్లు ఉన్నారు, మనవాళ్లు ముగ్గురున్నారు. చిన్న వెంకటాద్రి, ముద్దు వీరన్న, అలంగాత పిళ్లై. మొదటి ఇద్దరూ తెలుగు వర్తకులే, కంపెనీకి బట్టల సరుకు సమకూర్చే వర్గం. గోల్కొండ సుల్తాను ఓడిపోయి అప్పటికి ఏడాదే. నేల మొగలాయిలది, కోట కంపెనీది, సరుకు మన సాలెలది. ఆ సరుకు తెచ్చిపెట్టేవాళ్లు లేకుండా మేయరు దర్బారు నడవదని చైల్డ్‌కి తెలుసు.

ఎత్తు పారలేదు. కార్పొరేషన్ పెట్టి బడి, జైలు, టౌన్ హాలు, మురుగు కాలవలు అన్నారు. జనం పన్ను కట్టలేదు. ఎర్ర అంగీ తొడిగినవాడు మనవాడే అయినా సరే కట్టలేదు. హిగ్గిన్‌సన్ మేయరుగిరీ కొద్ది నెలల్లోనే వదిలి కంపెనీ కౌన్సిల్ పనిలో పడ్డాడు. 1726లో కొత్త సనదు వచ్చినప్పుడు ఆల్డర్మన్లు తొమ్మిదిమందే, అందులో ఏడుగురు పుట్టుకతో బ్రిటిషు ప్రజలై ఉండాలన్నారు. పన్నెండింట మూడు కుర్చీలు మనకు అలా పోయాయి. పట్నం ఎవరిదని వాదించేవాళ్లు 1639 దగ్గరే ఆగిపోకుండా ఈ 1726 సంగతి కూడా చర్చకు పెడితే బాగుంటుంది.

ఇంకో మాట. చెన్నై కార్పొరేషన్ గురించి "ప్రపంచంలో లండన్ తర్వాత ఇదే" అని ఘనంగా రాస్తుంటారు. ఇండియాలో మొదటిది, నిజమే. కానీ న్యూయార్క్‌కి 1665లోనే థామస్ విల్లెట్ అనే వర్తకుడు మేయరు. 1686లో న్యూయార్క్, ఆల్బనీ ఊళ్లకు మేయరు, ఆల్డర్మన్ల సనదులు వచ్చాయి. మద్రాసు సనదు ఆ మరుసటి ఏడాదిది. మూడూ ఒకే రాజు, రెండో జేమ్స్ హయాంలోవి. అచ్చు ఒకటే, పోసిన ఊళ్లు వేరు.

ఆ రాజే మసాచుసెట్స్‌లో వేరే పని చేస్తున్నాడు. పాత సనదు రద్దయిపోయింది, పైన ఎడ్మండ్ ఆండ్రోస్ అనే గవర్నరు కూర్చున్నాడు. మీ పొలాల పట్టాలు చెల్లవు, భూమంతా రాజుది అంటున్నాడు. 1689 మార్చిలో ఆండ్రోస్ సేలం మీదుగా వెళ్తూ ముసలి జాన్ పాదిరిగారిని నిలబెట్టి అడిగాడు, ఈ నేల రాజుది కాదా అని. కాదన్నాడాయన. దేవుడు మనుషులకిచ్చిన నేల ఇది, ఇక్కడి ఇండియన్ల దగ్గర మేం కొనుక్కున్నాం, బాగుచేసుకున్నాం, మాది. అయితే మీరు ప్రజలైనా కావాలి, తిరుగుబాటుదార్లైనా కావాలి, తేల్చుకో అన్నాడు ఆండ్రోస్. కొనుక్కున్నామన్న మాటకు ఆధారం ఉండాలి కదా, సేలం ఊరు 1686లో, అంటే అక్కడ స్థిరపడ్డ అరవై ఏళ్ల తర్వాత, పాత నాయకుడి వారసులను వెతికి 20 పౌన్లిచ్చి దస్తావేజు రాయించుకుంది!

తండ్రి అక్కడ రాజు అధికారాన్ని ప్రశ్నిస్తున్న రోజుల్లోనే కొడుకు ఇక్కడ ఆ రాజు ఒప్పుకున్న సనదు మీద ఎదిగొస్తున్నాడు. మా నేల మాదని సేలంలో చెప్పిన మాటే బ్లాక్ టౌన్‌లో అంగళ్లు మూసినవాళ్లూ చెప్పారు. దాన్ని అక్కడ స్వాతంత్ర్యేచ్ఛ అన్నారు, ఇక్కడ అల్లరి అని రాసుకున్నారు.

తర్వాత 1692. నథానియల్ ఆ ఏడాది మద్రాసులో ఎలిజబెత్ రిచర్డ్స్‌ని పెళ్లి చేసుకున్నాడు. జూన్‌లో సేలంలో అతని చెల్లెలు ఆన్ డాలివర్‌ని మంత్రగత్తె అని పట్టుకున్నారు. మొగుడు వదిలేసి పోయాడు. మనోవ్యాధి ఉన్న మనిషి, తండ్రి పంచన బతుకుతోంది. చాలా ఏళ్ల కిందట తనకే ఎవరో చేతబడి చేశారని భయపడి, విరుగుడుగా మైనపు బొమ్మలు చేశానని విచారణలో ఒప్పుకుంది. తండ్రి ఊరికి పెద్ద పాదిరి. అన్న జాన్ ఊళ్లో మేజిస్ట్రేటు; జూలైలో మరికొందరు నిందితులను విచారించిన బల్ల మీద అతనూ కూర్చున్నాడు. ఆన్‌ని ఉరి తీయలేదు. పంతొమ్మిదిమందిని తీశారు. అక్టోబరు 29న మసాచుసెట్స్ గవర్నరు ఫిప్స్ ఈ విచారణల కోసం పెట్టిన ప్రత్యేక కోర్టును రద్దు చేశాడు. సరిగ్గా అంతకు ఆరు రోజుల ముందు, 23న, నథానియల్ హిగ్గిన్‌సన్ సెయింట్ జార్జి కోటకు గవర్నరయ్యాడు.

అక్కడి కబురు లండన్ చుట్టి మద్రాసు చేరాలంటే ఏడాది మాట. చెల్లెలి మీద పడ్డ నిందా, ఆ నింద వెనక్కి పోవడమూ, అంతా అయిపోయాకే అన్నకు తెలిసే అవకాశం. ఇంట్లో గొడవలు ముగిశాక కబురందుకోవడం పరదేశంలో ఉన్నవాడికి పాత అనుభవమే, ఫోన్లున్నా మాకూ తప్పడం లేదు. జాన్ పాదిరిగారు మాత్రం ఆ తర్వాత ఊరికే ఉండలేదు. ఆ విచారణల్లో తప్పు జరిగిందని మరో పాదిరి రాసిన పుస్తకానికి ముందుమాట రాశాడు. క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖవాళ్లను వేధించిన రోజుల్లో వేధించినవాళ్ల పక్షాన ఉన్న మనిషి ముసలితనంలో ఈ పని చేశాడు. అందుకే ఈ కథలో నాకు కొడుకుకంటే తండ్రే ఎక్కువ నచ్చుతాడు.

గవర్నరుగా హిగ్గిన్‌సన్ ఆరేళ్లకు కాస్త తక్కువున్నాడు. జింజి కోట చుట్టూ మొగలాయి సైన్యం దిగి ఉన్న కాలం. సేనాపతి జుల్ఫికర్ ఖాన్‌ని మంచి చేసుకోవాలి, మరాఠాలను దూరం చేసుకోకూడదు. 1693లో ఎగ్మూరు, పురసవాక్కం, తండియార్‌పేట మొగలాయిల దగ్గర రాయించుకున్నది ఈయన హయాంలోనే. పెద్ద పేరూ లేదు, పెద్ద మచ్చా లేదు. ఇతనికి ముందు గవర్నరు ఎలిహు యేల్. అతనూ బోస్టన్‌లో పుట్టినవాడే, పసితనంలోనే ఇంగ్లండు చేరాడు. సొంత వ్యాపారం మితిమీరిందని పదవి పోగొట్టుకున్నాడు. తర్వాత గవర్నరు థామస్ పిట్, మన కొల్లూరు గని వజ్రం కొని అమ్మి వంశాన్ని నిలబెట్టుకున్నవాడు. ఆ ఇద్దరి మధ్య హిగ్గిన్‌సన్ ఆనడు. యేల్ 1718లో కనెక్టికట్ కాలేజీకి కొన్ని బేళ్ల సరుకు, పుస్తకాలు, రాజు బొమ్మ పంపాడు. సరుకు అమ్మితే వచ్చింది ఆరొందల పౌన్లలోపే, కాలేజీ పేరు మాత్రం శాశ్వతంగా అతనిదైంది. మా ఆఫీసులో తెలుగు కుర్రాళ్లకు యేల్ మద్రాసు గవర్నరని చెబితే నమ్మరు. అతని వెనకే ఇంకో న్యూ ఇంగ్లండువాడు అదే కుర్చీలో కూర్చున్నాడంటే నన్నే వింతగా చూస్తారు.

అన్నదమ్ముల ఉత్తరాలు కొన్ని మిగిలాయి. 1699లో సేలం నుంచి పెద్దవాడు జాన్ తమ్ముడికి రాసినదాంట్లో ఇక్కడ ఏ సరుకు చెల్లుతుందో జాబితా ఉంది. రకరకాల కాలికోలు, మస్లిన్లు, పట్టుబట్టలు, మందుదినుసులు, మసాలాలు. మతం కోసం పుట్టిన ఊళ్లో మన నేతబట్టకు గిరాకీ అంతుంది. బాబాయికి నా జవాబు ఈ ఉత్తరమే. దొర దొరేగానీ, ఆ దొర వెనకాల ఒక ఊరుంది, ఆ ఊరికో అవసరముంది. లండన్ ఒక్కటే ఇటు చూసి ఉంటే కథ ఇంత దూరం వచ్చేది కాదు.

1700లో హిగ్గిన్‌సన్ భార్యాపిల్లలతో లండన్ చేరి అక్కడ వర్తకుడిగా స్థిరపడ్డాడు. సేలం తిరిగి వెళ్లలేదుగానీ సొంతగడ్డ రాజకీయం మాత్రం వదల్లేదు. మసాచుసెట్స్ గవర్నరు డడ్లీ శత్రువులైన ఫ్రెంచివాళ్లతో లోపాయికారీ వ్యాపారం సాగనిస్తున్నాడని, అతన్ని తీసేయమని 1707లో మరికొందరితో కలిసి రాణికి అర్జీ పెట్టాడు. ఆ కుర్చీకి ఇతని పేరు కూడా వినబడింది. అది జరగలేదు. 1708 అక్టోబరు చివర లండన్‌లో చనిపోయాడు. సేలంలో తండ్రి తొంభై రెండేళ్ల వయసులో అదే ఏడాది డిసెంబరు మొదట్లో పోయాడు. మధ్యలో ఉన్నవి ఆరు వారాల లోపే. చలికాలపు అట్లాంటిక్ మీద ఆ కబురు తండ్రి బతికుండగా చేరిందనుకోను.

పెద్దవాడు జాన్ వంశం సేలంలోనూ బోస్టన్‌లోనూ విస్తరించింది. వాళ్లలో వర్తకులున్నారు, బానిసత్వం మీద పోరాడి అంతర్యుద్ధంలో నల్లవాళ్ల పటాలాన్ని నడిపిన థామస్ వెంట్‌వర్త్ హిగ్గిన్‌సన్ ఉన్నాడు. సేలం ఓడలు అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకే మద్రాసు, కలకత్తా రేవులకు నేరుగా రావడం మొదలుపెట్టాయి, సుమత్రా మిరియాలతో ఆ ఊరి కొత్త మేడలు లేచాయి. 1839లో సేలం నగరం తనకొక అధికార ముద్ర తయారుచేయించుకుంది. ముద్రలో చర్చి లేదు. తాటిచెట్టు, తూర్పుదేశపు దుస్తుల్లో గొడుగు పట్టుకున్న మనిషి, వెనక తెరచాపలెత్తిన ఓడ. చుట్టూ లాటిన్‌లో ఒక వాక్యం, సంపన్నమైన తూర్పుదేశాల చిట్టచివరి రేవు దాకా అని.